పాత ఉక్కు మౌంటెన్ బైకు: అరుగుదల, కొలతలు, విడిభాగాలు

1980ల మధ్య నుంచి 1990ల మధ్య దాకా తయారైన ఉక్కు మౌంటెన్ బైకులు ఇప్పటికీ గోదాముల్లో, మెట్ల కింద, సామాన్ల గదుల్లో బయటపడుతూనే ఉంటాయి. టైర్లు ఎండి బీటలు వారి, చైను తుప్పుపట్టి, గేరు లీవర్లు కదలక, చూడగానే పాత ఇనుముకు వెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరావనిపిస్తాయి. అలాంటి బండ్లలో చాలావాటిని మళ్ళీ కొండదారి ఎక్కించవచ్చు. కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. ఫ్రేముకు మిగతా భాగాలన్నీ మరలతోనో బిగింపులతోనో అమరి ఉంటాయి. దేన్నయినా విడిగా ఊడదీసి, శుభ్రం చేసి, అవసరమైతే మార్చి తిరిగి బిగించుకోవచ్చు. అరుగుదల కూడా అన్నిటికీ ఒకేలా ఉండదు. బ్రేకు రబ్బర్లు, చైను, టైర్లు, కేబుళ్ళు అరిగిపోవడానికే పెట్టినవి. పళ్ళ చక్రాలు, బేరింగులు వాటికన్నా చాలాకాలం నిలుస్తాయి. ఫ్రేము తుప్పుకూ గట్టి దెబ్బకూ గురికాకపోతే రెండు తరాలకు సరిపోతుంది. ఈ మూడు వరసల్లో ఏది ఎంతవరకు వచ్చిందో కొలిచి తేల్చుకోవడంతో పునరుద్ధరణ మొదలవుతుంది. ఆ పనికి డబ్బుకన్నా ముందు కావలసింది ఒక వెర్నియర్ కాలిపర్.

ఈ రకం సైకిలు పుట్టిందే పాత బండికి విడిభాగాలు తగిలించడంలోంచి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మరిన్ కౌంటీలో కొందరు యువకులు 1930, 40ల నాటి ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్ళను ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చేవారు. వాటికి డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిలు బ్రేకు లీవర్లు, దూరప్రయాణపు సైకిళ్ళ గేర్లు బిగించి టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో దూకించేవారు. అక్కడి ఒక నిటారు దారిలో 1976 అక్టోబరు 21న పందేలు మొదలయ్యాయి. ఆ పాత సైకిళ్ళకు మొదట ఉన్న, పెడల్‌ను వెనక్కి తొక్కితే పనిచేసే హబ్బు బ్రేకు ఆ వాలులో ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. 1977లో జో బ్రీజ్ పాత ఫ్రేముల జోలికి పోకుండా క్రోమోలీ ఉక్కు గొట్టాలతో కొత్త ఫ్రేము కట్టాడు. ఆ సైకిలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించి అమ్మిన స్టంప్‌జంపర్‌తో మౌంటెన్ బైకు ఫ్యాక్టరీ సరుకైంది. 1982లో షిమానో, సన్‌టూర్ కంపెనీలు ప్రత్యేకంగా దీనికోసమే భాగాల సెట్లు విడుదల చేశాయి. తొలినాళ్ళలో రోడ్డు సైకిలు నుంచి ఒకటి, టూరింగ్ సైకిలు నుంచి ఒకటి తెచ్చి కూర్చిన ఆ కలగూరగంప స్వభావం పదిహేనేళ్ళపాటు పోలేదు. పాత బండికి విడిభాగం వెతికేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో సగం అక్కడివే.

మొదట తేల్చుకోవలసింది బండి వయసు. షిమానో భాగాల మీద, ముఖ్యంగా పెడళ్ళను మోసే క్రాంకు లోపలివైపున, రెండు అక్షరాల ముద్ర కనిపిస్తుంది. మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. 1976కు ‘ఎ’తో మొదలై ఏడాదికొక అక్షరం చొప్పున సాగుతుంది కాబట్టి ‘ఎమ్ ఎఫ్’ అని ఉంటే అది 1988 జూన్‌లో తయారైన క్రాంకు. ఒక్క భాగం చూసి నిర్ణయానికి రాకూడదు, అది మధ్యలో మార్చినదై ఉండవచ్చు. క్రాంకు, హబ్బులు, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డీరైలరు మీది ముద్రలు కొద్ది నెలల తేడాలో ఉంటే బండి ఆ కాలానిదేనని నమ్మవచ్చు. సంవత్సరం తెలిస్తే వెనుక చక్రం ఎంత వెడల్పు హబ్బుకు సరిపడుతుంది, గేర్లు ఎన్ని, హ్యాండిలు తిరిగే బేరింగుల జత, అంటే హెడ్‌సెట్టు, ఏ కొలత అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు దొరుకుతాయి.

ఫ్రేము

వయసు తేలాక అన్నిటికన్నా ముందు పరీక్షించవలసింది ఫ్రేమునే. అది చెడి ఉంటే మిగతా ఖర్చంతా వృథా. ఆ కాలపు మంచి బండ్లలో వాడినది క్రోమోలీ ఉక్కు. బాగా వాడుకలో ఉన్న 4130 రకంలో క్రోమియం సుమారు 1 శాతం, మాలిబ్డినం 0.2 శాతం, కార్బన్ 0.3 శాతం ఉంటాయి. ఈ చేర్పుల వల్ల ఉక్కు బిగువు పెరగదు. వంగకుండా తట్టుకునే బలం పెరుగుతుంది. బలం పెరిగింది కాబట్టి గొట్టం గోడను పలచగా లాగవచ్చు, బరువు తగ్గించవచ్చు. చాలా గొట్టాలు అతుకు పడే రెండు చివరలా 0.9 మి.మీ. మందంతో, నడుమ 0.6 మి.మీ. మందంతో ఉంటాయి. ఈ 0.6 అన్న అంకెను మరిచిపోకూడదు. తుప్పు పోగొట్టడానికని గ్రైండింగ్ మిషను పెట్టి రుద్దితే, పోయేది తుప్పు ఒక్కటే కాదు, గొట్టం గోడలో ఎంత భాగమో చెప్పలేము.

ఉక్కుకు మరో సుగుణం ఉంది. ఒక హద్దుకు లోబడిన ఒత్తిడి లక్షలసార్లు పడినా అది అలసి పగలదు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిడులు కూడా లెక్కలో చేరుతూ పోయి ఏనాటికో పగులు తెస్తాయి. ముప్పై ఏళ్ళు తిరిగిన ఉక్కు ఫ్రేమును నమ్మగలిగేది ఇందువల్లే. అయితే తుప్పు ఈ హద్దును చెరిపేస్తుంది. గొట్టం మీద తుప్పు తవ్విన చిన్న గుంట దగ్గర ఒత్తిడి పోగుపడి, అక్కడినుంచి పగులు మొదలవుతుంది.

పరీక్షకు వెలుతురూ వేలికొసలూ చాలు. ముందు ఫోర్కు దిగే హెడ్ ట్యూబు వెనకాల, కింది గొట్టం అడుగున వేలితో నిమిరి చూడాలి. బండి ఎప్పుడైనా గోడకో బండరాయికో ఎదురుగా గుద్దుకొని ఉంటే అక్కడ రంగు కింద సన్నని అల లాంటి ఉబ్బు తగులుతుంది. కంటికి కనిపించకపోయినా వేలికి తెలుస్తుంది. ఆ ఉబ్బు ఉన్న ఫ్రేమును కొండదారికి వాడకూడదు. వెల్డింగు అంచుల వెంట, సీటు బిగించే చీలిక దగ్గర, పెడళ్ళ ఇరుసు చుట్టూ తుప్పు గీత కనిపిస్తే రంగు గీకి చూడాలి. గీత రంగులోనే ఆగితే అది గీరుడు, లోహంలోకి దిగితే పగులు. వెనుక భాగం పక్కకు వంగిందేమో చూడడానికి ఒక దారం చాలు. వెనుక చక్రం ఇరుసు కూర్చునే గాడి దగ్గర కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి తెచ్చి, రెండో వైపు గాడికి బిగువుగా కట్టాలి. సీటు గొట్టం నుంచి రెండు పక్కలా దారానికి దూరం కొలవాలి. తేడా 2 మి.మీ. లోపు ఉంటే చింత లేదు.

పాత చక్రానికి బదులు కొత్త చక్రం పెట్టాలంటే ఈ వెనుక గాడుల మధ్య దూరం తెలియాలి. 1980లలో అది 126 లేదా 130 మి.మీ. ఉండేది, 1990 ప్రాంతంలో 135 దగ్గర స్థిరపడింది. 130 ఉన్న ఉక్కు ఫ్రేమును 135కు వెడల్పు చేయవచ్చు. అందుకు ఉక్కును దాని సాగుడు హద్దు దాటేదాకా వంచాలి. ఆ హద్దులోపు ఎంత లాగినా వదలగానే యథాస్థానానికి వస్తుంది. కాబట్టి 5 మి.మీ. నిలవాలంటే అంతకు చాలా ఎక్కువ లాగవలసి ఉంటుంది. ఒక్కో వైపు కొద్దికొద్దిగా లాగుతూ, మధ్యమధ్య దారంతో సరిచూసుకుంటూ చేస్తే ఫ్రేముకు హాని లేదు. అల్యూమినియం ఫ్రేముకు ఈ పని ఎన్నడూ చేయకూడదు.

ఇరుక్కుపోయిన కడ్డీ

పాత బండి విప్పేటప్పుడు ఎక్కువమందిని ఆపేసేది సీటు గొట్టంలో దిగి ఉండే అల్యూమినియం కడ్డీ. దశాబ్దాలపాటు కదపకపోతే అది ఫ్రేములో భాగమైపోయినట్టు బిగుసుకుంటుంది. వర్షపు నీరో చెమటో లోపలికి దిగినప్పుడు ఉక్కు, అల్యూమినియం రెండూ కలిసి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. రెండింటిలో ఎలక్ట్రాన్లను తేలికగా వదులుకునేది అల్యూమినియం కాబట్టి అదే ముందు కరిగి ఆక్సైడుగా మారుతుంది. ఆ ఆక్సైడు తాను పుట్టిన లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు లేని సందులో ఉబ్బి, రెండింటినీ బిగించేస్తుంది. ఉప్పుగాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఈ చర్య మరింత చురుకుగా సాగుతుంది. నీటిలో కరిగిన ఉప్పు విద్యుత్తుకు దారి సుగమం చేస్తుంది మరి.

తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు ఉంచి, సీటుతో పాటే కడ్డీని పక్కకు తిప్పి చూడడం మొదటి ప్రయత్నం. పైకి లాగడం కన్నా తిప్పడం మేలు. తిరిగితే ఆక్సైడు పొర నలుగుతుంది. అది కుదరకపోతే ఉష్ణోగ్రతను వాడుకోవాలి. చాలామంది ఇక్కడ ఫ్రేముకు మంట పెట్టి రంగు కాల్చుకుంటారు. వేడి రెండింటికీ పాకితే ప్రయోజనం తిరగబడుతుంది, ఎందుకంటే అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. డిగ్రీకి అల్యూమినియం పదిలక్షల్లో 23 వంతులు, ఉక్కు 12 వంతులు పెరుగుతాయి. ఇదే తేడాను చల్లబరిచి వాడుకుంటే మేలు జరుగుతుంది. 27.2 మి.మీ. కడ్డీ, చుట్టూ ఉన్న ఉక్కు రెండూ 50 డిగ్రీలు చల్లబడితే కడ్డీ ఉక్కుకన్నా 0.015 మి.మీ. ఎక్కువ కుంచించుకుపోతుంది. వెంట్రుక మందంలో కొద్ది వంతే అయినా ఆక్సైడు పట్టు సడలడానికి, నూనె లోపలికి దిగడానికి అది చాలుతుంది. కడ్డీ బోలుగా ఉంటుంది కనుక డ్రై ఐస్ ముక్కలు అందులోకే వేయవచ్చు. గాలి ఆడే చోట, మందమైన తొడుగులు వేసుకొని చేయాలి.

కాస్టిక్ సోడా ద్రావణంతో కడ్డీని కరిగించడం చిట్టచివరి మార్గం. అది అల్యూమినియాన్ని తిని ఉక్కును వదిలేస్తుంది. కానీ చర్యలో విపరీతమైన వేడి, మండే హైడ్రోజన్ వాయువు పుడతాయి, చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. అనుభవం లేనివారు ఆ దారిన పోకుండా కడ్డీని లోపల కోసి తీయగల వర్క్‌షాపుకు ఇవ్వడం మంచిది.

కడ్డీ బయటికి వచ్చాక దాని మీద ముద్రించిన కొలత చూసుకోవాలి. 26.4, 26.6, 26.8, 27.0, 27.2 ఇలా 0.2 మి.మీ. మెట్లలో ఈ కడ్డీలు తయారయ్యేవి. 26.8 ఉండవలసిన చోట 26.6 పెట్టినా సీటు నిలుస్తుంది, అయితే బిగించే చీలిక అతిగా మూసుకొని కొంతకాలానికి అక్కడే ఫ్రేము పగులుతుంది. కొత్త కడ్డీ దించేముందు గ్రీజు పట్టించడం తప్పనిసరి.

తుప్పు

పైపైని తుప్పుకు నిమ్మ ఉప్పు చక్కని మందు. గోరువెచ్చని నీటిలో కరిగించి చిన్న ఉక్కు భాగాలను కొన్ని గంటలు నానబెడితే సిట్రిక్ ఆమ్లం తుప్పులోని ఇనుప అయాన్లను పట్టుకొని నీటిలోకి లాగేస్తుంది. తీసిన వెంటనే వంట సోడా నీటిలో ముంచి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి నూనె రాయాలి. ఆమ్లం వదిలిన శుభ్రమైన ఉక్కు మీద నిమిషాల్లోనే కొత్త తుప్పు పూస్తుంది. స్ప్రింగులను, గట్టిపరచిన ఉక్కు బోల్టులను ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచకూడదు. చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది.

గొట్టాల లోపలి తుప్పు కనిపించదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. ఫ్రేమును తలకిందులుగా చేసి మెల్లగా తట్టితే పెడళ్ళ ఇరుసు గూటిలోంచి తుప్పు పొడి రాలుతుంది. పొడి రాలితే భయం లేదు, పొరలు పొరలుగా పెచ్చులు రాలితే ఆలోచించాలి. శుభ్రం చేశాక లోపల అవిసె నూనె పోసి ఫ్రేమును అన్ని వైపులకూ తిప్పి, మిగిలినది కారిపోనివ్వాలి. అవిసె నూనె మామూలు నూనెలా ఎప్పటికీ తడిగా ఉండదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. కొన్ని వారాలు ఆరనిస్తే తేమకు అడ్డుగా నిలిచే పూత ఇదే.

బేరింగులు

ఆ కాలపు హబ్బులు దాదాపు అన్నీ కప్పు, కోను, గోళీలతో కూడినవి. మన సైకిలు షాపుల్లో ఓవరాయిలింగ్ చేసేవారికి ఇవి కొట్టిన పిండి. షిమానో తరహా హబ్బులో ముందు చక్రానికి వైపుకు పది చొప్పున 3/16 అంగుళం గోళీలు, వెనుక చక్రానికి వైపుకు తొమ్మిది చొప్పున 1/4 అంగుళం గోళీలు ఉంటాయి. కిరసనాయిల్లోనో డీజిల్లోనో కడిగి ఆరబెట్టాక కోనును దీపం వెలుగులో తిప్పి చూడాలి. గోళీలు తిరిగిన దారి నిగనిగలాడే పట్టీలా కనిపిస్తే అది సహజం. ఆ పట్టీలో సూదితో పొడిచినట్టు గుంటలు ఉంటే కోను పని అయిపోయింది. తరచుగా ఆ గుంటలు చుట్టూతా కాక ఒక పక్కనే ఉంటాయి. కోను ఇరుసుకు బిగిసి ఉంటుంది, తిరగదు. బరువంతా ఎప్పుడూ దాని కింది భాగమే మోస్తుంది. కప్పు చక్రంతో పాటు తిరుగుతూ ఆ భారాన్ని చుట్టూ పంచుకుంటుంది. కోను ముందు పోవడం, కప్పు మిగలడం ఇందుకే. ఇది అదృష్టమే, ఎందుకంటే కోను విడిగా దొరుకుతుంది, కప్పు హబ్బులో అంతర్భాగం.

గోళీలు చూడడానికి బాగున్నా అన్నీ మార్చాలి. పాతవాటిలో రెండు కొత్తవి కలపడం పొరపాటు. కొత్త గోళీ మైక్రాన్ల తేడాతోనైనా పెద్దదిగా ఉంటుంది, మిగతావాటి బరువును అది ఒక్కటే మోసి కోనును తినేస్తుంది. బిగింపులో కూడా ఒక సూక్ష్మం ఉంది. క్విక్ రిలీజ్ లీవరు ఉన్న చక్రాన్ని చేతిలో పట్టుకొని బిగించేటప్పుడు రవ్వంత ఆట వదలాలి. లీవరు మూసినప్పుడు బోలు ఇరుసు కొద్దిగా నొక్కుకుపోయి ఆ ఆట దానంతటదే పోతుంది. ముందే ఆట లేకుండా బిగిస్తే బండికి ఎక్కించాక గోళీలు నలుగుతాయి.

పెడళ్ళ ఇరుసు గూడు చాలావరకు ఇంగ్లీషు మర కలిగి ఉంటుంది: 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, గూడు వెడల్పు 68 లేదా 73 మి.మీ. కుడివైపు కప్పుది ఎడమ మర. తొక్కుతున్నప్పుడు గూడులో ఒత్తిడి చుట్టూ తిరుగుతూ కప్పును మెల్లగా వదులు చేసే దిశలో నెడుతుంది; మర తిరగేస్తే ఆ నెట్టుడే బిగిస్తుంది. విప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే బలమంతా పెట్టి కప్పును ఇంకా బిగించినట్టే. పాత గోళీల కప్పుల స్థానంలో మూసిన కార్ట్రిడ్జి వేయడం తెలివైన మార్పు, నీరూ దుమ్మూ దూరవు. దాని ఇరుసు పొడవు మాత్రం పాతదానికి సరిపోవాలి, లేకపోతే ముందు పళ్ళ చక్రాలు చైను గీత తప్పుతాయి.

చైను, పళ్ళ చక్రాలు, గేర్లు

చైను సాగిందని అంటారు గానీ ఉక్కు పలకలు సాగవు. ప్రతి కీలు దగ్గర పిన్ను, దాని చుట్టూ ఉండే భాగం అరిగి రెండు పిన్నుల మధ్య దూరం పెరుగుతుంది. కొత్త చైనులో ఆ దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఉక్కు స్కేలు ఒక పిన్ను నడిబొడ్డున ఉంచి 24 కీళ్ళు లెక్కపెడితే కొత్తదైతే 304.8 మి.మీ. రావాలి. 306.3 వస్తే అరుగుదల అర శాతం, మార్చే సమయం వచ్చినట్టే. 307.8 దాటితే ఒక శాతం. అప్పటికి చైను తనకు తగ్గట్టు పళ్ళను కూడా అరగదీసి ఉంటుంది. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా ఎగిరిపడుతుంది. వెనుక పళ్ళ చక్రాలు, చైను కలిపి మార్చడమే పద్ధతి. ముందువాటి పళ్ళు సొరచేప రెక్కల్లా వాలిపోకపోతే ఇంకా పనికొస్తాయి.

వెనుక పళ్ళ చక్రాలు రెండు రకాలుగా అమరుతాయి. పాతవాటిలో ఫ్రీవీల్ మొత్తం హబ్బు మీద మరతో ఎక్కుతుంది, దాని మర కూడా 1.37 అంగుళాలే. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బులో తిరిగే యంత్రాంగం హబ్బులోనే ఉండి, పళ్ళ చక్రాలు గాడుల మీద జారి కూర్చుంటాయి. దీనివల్ల ఇరుసుకు కుడివైపు ఆధారం బయటి అంచు దాకా జరిగి, ఇరుసు విరగడం తగ్గింది.

క్లిక్కుమని పడే గేర్లలో లీవరు ఎంత కేబులు లాగుతుంది, ఆ లాగుడుకు డీరైలరు ఎంత జరుగుతుంది, పళ్ళ చక్రాల మధ్య దూరం ఎంత అన్న మూడు లెక్కలూ కలవాలి. షిమానో ఏడు గేర్ల సెట్టులో చక్రం నుంచి చక్రానికి 5.0 మి.మీ., ఎనిమిదిలో 4.8, తొమ్మిదిలో 4.34. ఏడు గేర్ల లీవరును తొమ్మిది గేర్ల చక్రాలతో జతపరిస్తే ఒకటి రెండు గేర్లు పడి, తరువాతివి తప్పుతాయి. సన్‌టూర్ కొలతలు షిమానోవి కావు. ఆ కంపెనీ 1964లో వాలు సమాంతర చతుర్భుజపు డీరైలరుకు పేటెంటు పొందింది. చైనును పళ్ళకు ఎప్పుడూ దగ్గరగా ఉంచే ఆ అమరిక 1984లో పేటెంటు ముగిసేదాకా ఇతరులకు దక్కలేదు, ముగిశాక అందరిదీ అయింది. అంత గొప్ప సంస్థ లీవర్లు ఇవాళ షిమానో చక్రాలతో క్లిక్కు గేర్లుగా పనిచేయవు, ఘర్షణ పద్ధతిలో చేతి అంచనాతో వాడుకోవచ్చు. ఇక్కడ మన దేశంలోని యజమానులకు ఒక వెసులుబాటు ఉంది. ఇప్పటికీ ఏడు గేర్ల షిమానో టోర్నీ భాగాలతో సైకిళ్ళు అమ్ముడవుతున్నాయి. వాటి చైన్లు, ఫ్రీవీళ్ళు, డీరైలర్లు 1990ల నాటి షిమానో ఏడు గేర్ల లీవర్లతో కలుస్తాయి.

పాత లీవర్లు కదలకపోతే పారేయవలసిన పని చాలాసార్లు ఉండదు. లోపల ఒక పళ్ళ చక్రం, దాన్ని ఒక్కో పన్ను దగ్గర పట్టి ఆపే చిన్న కొక్కెం, కొక్కేన్ని నొక్కి ఉంచే వెంట్రుక లాంటి స్ప్రింగు ఉంటాయి. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజులోని నూనె ఏళ్ళ తరబడి విడిపోయి, ఆవిరై, మిగిలిన చిక్కబరిచే పదార్థం మైనంలా గట్టిపడుతుంది. స్ప్రింగు బలం ఆ మైనాన్ని దాటించలేదు, కొక్కెం పన్నులో పడదు, లీవరు ఎంత నొక్కినా ఖాళీగా ఊగుతుంది. మూత తీసి కిరసనాయిలు కొద్దికొద్దిగా పోస్తూ లీవరును వంద సార్లయినా ఆడించాలి. మొదట గోధుమరంగు జిడ్డు కారుతుంది, తరువాత ఒక్కో క్లిక్కు మొదలై, కాసేపటికి అన్నీ వస్తాయి. పూర్తిగా ఆరాక పలచని కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. మళ్ళీ గ్రీజు పెడితే కథ మొదటికి వస్తుంది. లోపలి యంత్రాంగాన్ని ఊడదీయకూడదు, ఆ స్ప్రింగులు ఎగిరితే దొరకవు.

బ్రేకులు

1990ల మధ్య దాకా చాలా బండ్లకు ఉన్నది కాంటిలీవర్ బ్రేకు: రిమ్ముకు రెండు పక్కలా రెండు చేతులు, వాటిని కలుపుతూ అడ్డ కేబులు, దాన్ని పైకి లాగే నడిమి కేబులు. ఇందులో బలం అడ్డ కేబులు కోణం మీద ఆధారపడుతుంది. అది ఎంత చదునుగా, తక్కువ ఎత్తులో ఉంటే అంత పట్టు, కానీ లీవరు అంత ఎక్కువ దూరం లాగాలి. ఎత్తుగా పెడితే లీవరు గట్టిగా, నమ్మకంగా తోస్తుంది, బండి మాత్రం ఆగదు. ఈ బ్రేకులు పనికిరానివన్న పేరు రావడానికి సగం కారణం ఈ కేబులును తప్పుగా అమర్చడమే. 1996లో వచ్చిన వి-బ్రేకు చేతులను పాత ఫ్రేముకే బిగించవచ్చు, అయితే వాటికి దాదాపు రెట్టింపు కేబులు లాగుడు కావాలి. పాత లీవర్లతో కలిపితే రబ్బర్లు రిమ్మును గట్టిగా పట్టేలోపే లీవరు హ్యాండిలుకు తగులుతుంది. లీవర్లు కూడా మార్చాలి.

బ్రేకు రబ్బర్లు అరగకపోయినా మార్చడమే మంచిది. రబ్బరు అణువుల మధ్య బంధాలు గాలికీ ఎండకూ క్రమంగా పెరిగి పదార్థం రాయిలా గట్టిపడుతుంది. కేబుళ్ళు, వాటి తొడుగులు కూడా అంతే. కొత్తవి వేసిన తేడా మొదటి నొక్కుడులోనే తెలుస్తుంది.

చక్రాలు, టైర్లు

ఈ బండ్ల చక్రం 26 అంగుళాలదని అంటారు. ఆ పేరుతో పరస్పరం కలవని రిమ్ములు చాలా ఉన్నాయి. మౌంటెన్ బైకుది టైరు అంచు కూర్చునే చోట 559 మి.మీ. వ్యాసం. 26 × 1 3/8 అని రాసి ఉన్న టైరు 590 మి.మీ. రిమ్ముది, రెండూ 26 అంగుళాలే అయినా ఒకటి మరొకదానికి ఎక్కదు. టైరు పక్కన అంకెల్లో 559 ఉందో లేదో చూసి కొనాలి. పాత టైరు పక్కల మీది సన్నని బీటలకు కారణం ఓజోన్. గాలిలో అతి కొద్దిగా ఉన్నా రబ్బరులోని జంట బంధాలను అది తెంచుతుంది, లాగబడి ఉన్నచోట చీలిక తెరుచుకుంటుంది. అలాంటి టైరుతో వాలు దిగడం ప్రాణాలతో చెలగాటం.

రిమ్ము బెండు తీయడానికి ముందు దాని పక్కగోడను స్కేలు అంచుతో పరీక్షించాలి. దశాబ్దాల బ్రేకు రాపిడికి గోడ లోపలికి గుంటలా అరిగి ఉంటుంది. 1 మి.మీ. కన్నా పలచబడితే గాలి ఒత్తిడికి అది చీలిపోవచ్చు. అలాంటి రిమ్మును మార్చాలి, హబ్బును ఉంచుకోవాలి. మంచి రిమ్మయితే ప్రతి స్పోకు నిపులులో ఒక చుక్క నూనె వేసి ఒక రోజు ఆగి అప్పుడు తిప్పాలి. చక్రంలో ప్రతి స్పోకూ ముందే బిగువుగా లాగి ఉంటుంది. వెనుక చక్రం గేరు వైపు ఆ లాగుడు సుమారు 1000 న్యూటన్లు, అంటే వంద కిలోల బరువు వేలాడదీసినంత. బరువు పడినప్పుడు కింది స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది. బిగువు ముందే తక్కువగా ఉంటే ప్రతి చుట్టుకూ స్పోకు సడలుతూ బిగుస్తూ వంపు దగ్గర అలసి తెగుతుంది. విరిగే స్పోకులు చాలావరకు వదులుగా ఉన్నవే.

ఫోర్కు

1990 ప్రాంతం నుంచి కొన్ని బండ్లకు సస్పెన్షన్ ఫోర్కులు వచ్చాయి. మానిటూ, రాక్‌షాక్స్ క్వాడ్రా లాంటివాటిలో స్ప్రింగుకు బదులు పాలియురేథేన్ దిమ్మెలు ఉండేవి. గాలిలోని తేమ ఆ పదార్థపు గొలుసు అణువులను నెమ్మదిగా తెంచుతుంది. ఇవాళ విప్పితే లోపల జిగట ముద్దో, పొడిపొడిగా రాలే చెత్తో దొరుకుతుంది. అంతా గీకి తీసి, సరైన కొలత దిమ్మెలు దొరికితే వేసుకోవచ్చు. దొరకకపోతే గట్టి ఉక్కు ఫోర్కు మేలైన ఎంపిక. ఇప్పటి పొడవైన సస్పెన్షన్ ఫోర్కు తగిలిస్తే ముందు భాగం లేచిపోతుంది. చక్రాల మధ్య దూరం ఒక మీటరు పైచిలుకు కాబట్టి, ఫోర్కు 20 మి.మీ. పొడవు పెరిగితే హెడ్ ట్యూబు కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. 60 మి.మీ. పెరిగితే బండి తిరగడానికి మొరాయిస్తుంది, హెడ్ ట్యూబు అతుకుల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది.

రంగు విషయంలో తొందర వద్దు. గీతలు పడినా అసలు రంగు, అసలు స్టిక్కర్లు ఉన్న ఫ్రేముకు ఉండే విలువ కొత్తగా వేసిన మెరుపుకు రాదు. లోహం బయటపడిన చోట్ల తుప్పు తీసి, ప్రైమరు వేసి, దగ్గరి రంగుతో చుక్క పెట్టి మైనం పూస్తే సరిపోతుంది. ఫ్రేము నిండా తుప్పు పాకినప్పుడే మొత్తం రంగు మార్చాలి.

కూర్పు

తిరిగి బిగించేటప్పుడు ప్రతి మరకూ గ్రీజు పట్టించాలి. ఎడమ పెడల్ ఎడమ మరది. హ్యాండిల్ కాండం మీద గీసి ఉన్న కనీస లోతు గీత హెడ్‌సెట్టులో మునిగిపోయేదాకా దించాలి. పైకి తీస్తే గొట్టం విరిగే ప్రమాదం. చదరపు ఇరుసు మీద క్రాంకు బోల్టుకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. ఇరవై సెంటీమీటర్ల పానా చివర దాదాపు ఇరవై కిలోల బలం పెడితే సుమారు 40 వస్తుంది. ఇక్కడ మొహమాటపడితే అల్యూమినియం క్రాంకు ఇరుసు మీద ఆడుతూ తన చదరపు రంధ్రాన్ని గుండ్రంగా అరగదీసుకుంటుంది. ఆ తరువాత దాన్ని ఏ బిగింపూ కాపాడలేదు.

మొదటి సవారీ చదును రోడ్డు మీద, బ్రేకులను పదేపదే పరీక్షిస్తూ జరగాలి. కొత్త కేబులు తొడుగుల చివరలు సర్దుకొని కేబులు వదులైనట్టు అవుతుంది, స్పోకులు తమ చోట్లలో కూర్చుంటాయి, క్రాంకు ఇరుసు మీదికి ఇంకొద్దిగా ఎక్కుతుంది. యాభై కిలోమీటర్ల లోపే గేరు, బ్రేకు కేబుళ్ళను సరిచేసి, రిమ్మును మరోసారి తిప్పి చూసి, క్రాంకు బోల్టులను, హెడ్‌సెట్టును, ఇరుసు కోనులను పానాతో సరిచూశాకే బండిని రాళ్ళదారికి తీసుకుపోవాలి.